పదహారు అరల్లో ఉక్కు

‘ఉక్కు’ అన్న మాట మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం ఐదు గుర్తులు: ఉ, క, పొల్లు, మళ్ళీ క, చివర కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఏదైనా 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి ఉక్కుకు 15 బైట్లు. మాట ఇక్కడితో అయిపోయిందని చెప్పే సున్నా బైటు ఒకటి చివర చేరితే 16. లినక్స్ కెర్నెల్‌లో, నడుస్తున్న ప్రతి ప్రోగ్రాం పేరూ రాసిపెట్టుకోవడానికి ఒక గడి ఉంది. దాని కొలత కూడా సరిగ్గా 16 బైట్లే. ఉక్కు అందులో అంచుకు అంచు తగిలేలా సరిపోతుంది. ‘భిలాయి’ సరిపోదు. దానికి ఆరు గుర్తులు, 18 బైట్లు, సున్నాతో కలిపి 19.

ఈ రెండు మాటలూ చేతబట్టుకుని, లినక్స్ కెర్నెల్‌లో ఏళ్ళ తరబడి సాగిన ఒక మరమ్మతును దగ్గరగా చూద్దాం. ఒక చోటి అక్షరాలను ఇంకో చోటికి నకలు చేసే పాత పరికరాలను తీసేసి, వాటి స్థానంలో కొత్తదాన్ని బిగించే పని అది. వినడానికి చిన్న సంగతి. దగ్గరికి వెళ్ళి చూస్తే అందులోని పనితనం నన్ను రోజుల తరబడి కట్టిపడేసింది.

భిలాయిని ఎందుకు తెచ్చానో కూడా చెప్పాలి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఊరు ఇది. ఉక్కు ప్లాంటు పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి సెక్టార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఊరికి ఆనుకునే దుర్గ్‌లో బీఐటీ ఉంది, 2016లో మొదలైన ఐఐటీ భిలాయి ఉంది. సీ భాష పాఠం ఏ కాలేజీలో చెప్పినా మొదటి కొద్ది వారాల్లోనే స్ట్ర్‌కాపీ అనే పరికరం ఎదురవుతుంది. దాన్ని బోర్డు మీద రాసుకున్న పిల్లలకు, ఆ తర్వాత దాని గతి ఏమైందో చెప్పాలని నా కోరిక.

ముందు మూలం చూద్దాం. సీ భాషలో ఒక మాట అంటే మెమరీలో వరసగా నిలబడ్డ బైట్లు. ఆ వరస పొడవెంతో ఎక్కడా రాసి ఉండదు. సున్నా బైటు కనిపించిందంటే మాట అయిపోయినట్టు, అంతే. స్ట్ర్‌కాపీకి రెండు చిరునామాలు ఇస్తాం. ఎక్కడ పెట్టాలో ఒకటి, ఎక్కడి నుంచి తేవాలో ఇంకొకటి. అది ఒక్కో బైటూ తెచ్చి పెడుతూ, సున్నా దొరికినప్పుడు దాన్ని కూడా పెట్టి ఆగుతుంది. పెట్టే చోటు ఎంత పెద్దదో దానికి ఎవరూ చెప్పరు, చెప్పడానికి దారి కూడా లేదు. 16 బైట్ల గడిలోకి భిలాయిని స్ట్ర్‌కాపీతో తెస్తే 19 బైట్లూ రాసేస్తుంది. చివరి మూడూ పక్కనున్న దాని మీద పడతాయి. ఆ పక్కనున్నది ఒక లెక్క కావచ్చు, ఒక చిరునామా కావచ్చు, ఎవరికి ఏ అధికారం ఉందో చెప్పే బిట్టు కావచ్చు. మామూలు ప్రోగ్రాంలో ఇలా జరిగితే ఆ ప్రోగ్రాం చెడుతుంది. యంత్రం మొత్తాన్నీ నడిపేది కెర్నెల్ కాబట్టి అక్కడ జరిగితే యంత్రమే పరుల చేతికి పోవచ్చు. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లో పాకిన మోరిస్ పురుగు చొరబడిన దారుల్లో ఒకటి ఇలాంటిదే: ఫింగర్ అనే సేవా ప్రోగ్రాంలో, 512 బైట్ల చోటులోకి కొలత అడగకుండా వరసను చదివేసే గెట్స్ అనే పరికరం.

స్టీల్ మెల్టింగ్ షాపులో కరిగిన ఉక్కును లేడిల్‌లోకి పోసేటప్పుడు అంచు దాకా ఎప్పుడూ నింపరు. పైన కొంత ఖాళీ వదులుతారు. లేడిల్ ఎంత పడుతుందో తెలియకుండా పొయ్యడమన్న మాటే అక్కడ లేదు. స్ట్ర్‌కాపీ చేసేది సరిగ్గా ఆ లేని పని.

కొలత చెప్పే దారి ఉన్న పరికరం స్ట్ర్-ఎన్-కాపీ. రెండు చిరునామాలతో పాటు మూడోదిగా ఒక సంఖ్య కూడా ఇస్తాం, అంతకు మించి రాయదు. చాలామంది దీన్ని స్ట్ర్‌కాపీకి సురక్షితమైన తమ్ముడనుకున్నారు. దాని పుట్టుక తెలిస్తే అలా అనుకోరు. 1979 నాటి ఏడో యూనిక్స్‌లో డైరెక్టరీలో ఒక్కో ఫైలుకు 16 బైట్ల పద్దు ఉండేది. 2 బైట్లు ఫైలు సంఖ్యకు, 14 బైట్లు పేరుకు. పేరు చిన్నదైతే మిగిలిన అరలన్నీ సున్నాలతో నింపాలి. పేరు సరిగ్గా 14 అయితే సున్నాకు చోటే అక్కర్లేదు, ఎందుకంటే 14 దగ్గర ఆగాలని చదివేవాడికి ముందే తెలుసు. అలాంటి కొలత గీసిన గడులు నింపడానికి స్ట్ర్-ఎన్-కాపీ సరైన పనిముట్టు. ఆ రెండు లక్షణాలూ అందులో అలాగే ఉన్నాయి: మిగిలిన చోటంతా సున్నాలు నింపుతుంది, చోటు చాలకపోతే చివర సున్నా పెట్టదు.

భిలాయిని ఇప్పుడు దానితో 16 బైట్ల గడిలోకి తెచ్చి చూడండి. మొదటి ఐదు గుర్తులకు 15 బైట్లు పోతాయి. పదహారో అరలో చివరి గుడి గుర్తు తాలూకు మొదటి బైటు పడుతుంది. సున్నాకు చోటు లేదు. తర్వాత ఎవరైనా ఆ పేరు చదవబోతే, గడి దాటి పక్క మెమరీలోకి, ఎక్కడో ఒక సున్నా తగిలేదాకా చదువుకుంటూ పోతారు. రాయడంలో గట్టు తెగలేదు, చదవడంలో తెగింది. ఒక కాలంలో ఒక పనికి చక్కగా కుదిరిన పనిముట్టును మరో పనికి వాడడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పనిముట్టు చేసినవాళ్ళ తప్పని నేననను.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వాళ్ళు, టాడ్ మిల్లర్, థియో డి రాట్, స్ట్ర్-ఎల్-కాపీ తెచ్చారు. ఇది చివర సున్నా తప్పకుండా పెడుతుంది. అంతేకాక మూలంలోని మాట అసలు పొడవెంతో తిరిగి చెబుతుంది. భిలాయికి 18 అని జవాబు వస్తుంది. 18 అన్నది 16 కన్నా పెద్దది కాబట్టి మాట తెగిందని తెలుసుకోవచ్చు. మంచి ముందడుగే. కానీ ఆ 18 చెప్పాలంటే మూలాన్ని చివరిదాకా చదవాలి. పెట్టే చోటు 16 బైట్లయినా మూలం లక్ష బైట్లుంటే లక్షా చదవాలి. మూలంలో సున్నా అసలు లేకపోతే? కెర్నెల్‌లోకి మూలం తరచు బయటి నుంచి వస్తుంది. బయటివాడు సున్నా పెట్టాడని నమ్మే హక్కు కెర్నెల్‌కు లేదు. పైగా పొడవు కొలవడం ఒకసారి, నకలు చేయడం ఇంకోసారి. ఆ రెండింటి మధ్య క్షణంలో మూలం మారిపోతే కొలత ఒకటి, సరుకు ఇంకొకటి.

ఈ లోపాలన్నీ ముందు పెట్టుకుని క్రిస్ మెట్‌కాఫ్ రాసిన స్ట్ర్-ఎస్-కాపీ, 2015 నవంబరులో వెలువడిన 4.3 కెర్నెల్‌లో చేరింది. చోటు సున్నా బైట్లు కానంత వరకు చివర సున్నా తప్పక పెడుతుంది. ఇచ్చిన కొలత దాటి మూలంలోకి చూపు సారించదు. మాట మొత్తం పట్టితే ఎన్ని బైట్లు పెట్టిందో చెబుతుంది. పట్టకపోతే ‘సరుకు మరీ పెద్దది’ అనే అర్థంలో కెర్నెల్ వాడే తప్పు సంకేతాన్ని, అంటే మైనస్ 7ని, తిరిగి ఇస్తుంది. పిలిచినవాడు ఆ జవాబును ఏ కొలతతోనూ పోల్చి చూడక్కర్లేదు. సున్నా కన్నా తక్కువా అని అడిగితే చాలు.

మన పొడుగాటి పేర్లు ఫారాల గడుల్లో తెగిపోవడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఇంటిపేరు, పూర్వీకుల పేరు, దేవుడి పేరు, మూర్తి, రావు అన్నీ కలిసి వరసగా వస్తే గడి ఎక్కడో ‘సత్యనారా’ దగ్గర ఆగిపోతుంది. తెగిందని అప్పుడు ఎవరూ చెప్పరు. ఏళ్ళ తర్వాత రెండు కాగితాల్లో రెండు పేర్లు కనిపించినప్పుడే తెలుస్తుంది. తెగిన వెంటనే తెగిందని చెప్పే ఈ మైనస్ 7 నాకు అందుకే అంత ప్రియం.

ఇక లోపలి యంత్రం, చాలా ఏళ్ళు నడిచిన రూపంలో. నేను ఎక్కువ కాలం గడిపింది ఇక్కడే.

స్ట్ర్-ఎస్-కాపీ మొదట కొలతను పరీక్షిస్తుంది. అది సున్నా అయితే చేసేదేమీ లేదు, తప్పు సంకేతం ఇచ్చి తిరిగివస్తుంది. 2,14,74,83,647 కన్నా పెద్దదైతే కూడా అంతే, పైగా ఒక హెచ్చరిక రాసిపెడుతుంది. అంత పెద్ద చోటు ఎవరూ నిజంగా అడగరు. ఎక్కడో తీసివేత తప్పి, రుణ సంఖ్య ఒకటి ధన సంఖ్యగా వేషం మార్చుకుని వచ్చిందని దాని అర్థం. ఆ దొంగను గుమ్మంలోనే ఆపేస్తుంది.

తర్వాత నకలు. 64 బిట్ల యంత్రం ఒకేసారి 8 బైట్లు ఎత్తగలదు. ఒక్కో బైటూ మోయడం దండగ. కానీ ఎనిమిదేసి ఎత్తితే, ఆ ఎనిమిదింటిలో సున్నా ఉందా, ఉంటే ఎక్కడుందని ఎలా తెలుసుకోవాలి? ఒక్కోదాన్నీ విప్పి చూస్తే ఎనిమిది ఎత్తిన లాభం పోతుంది. 1987లో అలన్ మైక్రాఫ్ట్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఒక ఉపాయం ఇక్కడ పని చేస్తుంది. ఎనిమిది బైట్లనూ ఒకే పెద్ద సంఖ్యగా చూసి, ప్రతి బైటులోంచీ 1 తీసేస్తారు. ఇది ఒకే తీసివేత. 66 ఉన్నచోట 65 అవుతుంది, సున్నా ఉన్నచోట అప్పు తెచ్చుకుని 255 అవుతుంది. 255లో పై బిట్టు వెలుగుతుంది. ఇంగ్లీషు అక్షరాలన్నీ 128 కన్నా చిన్న సంఖ్యలు కాబట్టి వాటి పై బిట్టు ఎప్పుడూ వెలగదు. అందువల్ల ఇంగ్లీషు మాటలకు ఇంతటితో సరిపోయేది.

తెలుగుకు సరిపోదు. మన బైట్లన్నీ 128 లేదా అంతకన్నా పెద్దవి. ఉ అన్న గుర్తు 224, 176, 137. ఒకటి తీసినా 223, 175, 136. పై బిట్టు మూడింటిలోనూ వెలుగుతూనే ఉంటుంది. తీసివేత ఒక్కటే నమ్ముకుంటే దాదాపు ప్రతి తెలుగు బైటూ సున్నాలాగే కనిపిస్తుంది. అందుకే ఇంకో మెట్టు ఉంది. తీసివేతకు ముందు పై బిట్టు ఆరిపోయి ఉండాలి, తీసివేత తర్వాత వెలగాలి. రెండు షరతులూ తీర్చేదే సున్నా. తెలుగు బైటు మొదటి షరతులో పోతుంది, ఇంగ్లీషు బైటు రెండో షరతులో పోతుంది. ఒక తీసివేత, ఒక తిరగవేత, రెండు కలయికలు: నాలుగు చిన్న పనులతో ఎనిమిది బైట్లకూ ఒకేసారి జవాబు వస్తుంది. అప్పు పైకి పాకడం వల్ల సున్నా తర్వాత వచ్చే 1 అనే బైటు కూడా పొరపాటున వెలగవచ్చు. అయితే అది అసలు సున్నాకు ఎప్పుడూ పైవైపే ఉంటుంది. మనకు కావలసింది మొట్టమొదటి సున్నా కాబట్టి నష్టం లేదు. ఈ సంగతి కనిపెట్టి దాన్ని అలాగే వదిలేసిన నిబ్బరం నాకు చాలా నచ్చింది.

ఉక్కును ఈ యంత్రంలోంచి పోనిద్దాం. మొదటి ఎత్తులో 8 బైట్లు: ఉ పూర్తిగా, క పూర్తిగా, పొల్లులో మూడింట రెండు వంతులు. మన అక్షరం మధ్యలో విరిగిందని యంత్రానికి తెలియదు, తెలియనక్కర్లేదు. సున్నా లేదు, ఎనిమిదీ దించేస్తుంది. రెండో ఎత్తులో పొల్లు చివరి బైటు, క, కొమ్ము, సున్నా. ఈసారి ఎనిమిదో బైటు వెలుగుతుంది. ఆ వెలుగు కింద ఉన్న ఏడు బైట్లనూ కప్పే ముసుగును ఒక తీసివేత, ఒక తిరగవేత, ఒక కలయిక, 7 బిట్ల జరుపుడుతో తయారు చేస్తుంది. సరుకును ఆ ముసుగులోంచి వడగట్టి దించుతుంది. ముసుగును ఒక ప్రత్యేక సంఖ్యతో గుణించి పై బైటు చూస్తే 7 అని వస్తుంది. ముందటి 8తో కలిపి జవాబు 15. లెక్కపెట్టడానికి చుట్టు తిరగలేదు, ఒక్క గుణకారం.

వడగట్టడం ఎందుకని అడగవచ్చు. సున్నా మధ్యలోనే దొరికితే, ఎత్తిన ఎనిమిదిలో సున్నా తర్వాతి బైట్లు మాటలోవి కావు. మూలం పక్కనున్న ఎవరివో. అవి కూడా గమ్యంలో పడితే రహస్యం ఒకటి చోటు మారినట్టే. ముసుగు వాటిని సున్నాలుగా మార్చి దించుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మెమరీ సాధారణంగా 4096 బైట్ల పేజీలుగా ఉంటుంది. మాట ఒక పేజీ చివర ముగిస్తే, ఎనిమిదేసి ఎత్తే చెయ్యి పక్క పేజీని తాకవచ్చు. ఆ పేజీ అసలు లేకపోవచ్చు. మూలం చిరునామా 8 గుణిజమైతే భయం లేదు, 4096 కూడా 8 గుణిజమే కాబట్టి ఏ ఎత్తూ పేజీ గట్టు దాటదు. గుణిజం కాకపోతే గట్టు దాకా ఎంత దూరముందో ముందే లెక్కకట్టి, అంతవరకే ఎనిమిదేసి తీసుకుంటుంది. అక్కడి నుంచి ఒక్కో బైటూ నడుస్తుంది.

ఇప్పుడు భిలాయి. మొదటి ఎత్తు 8, సున్నా లేదు. రెండో ఎత్తు 8, సున్నా లేదు. చోటు అయిపోయింది. యంత్రం వెనక్కి తిరిగి, పదహారో అరలో అప్పటికే పెట్టిన బైటు మీద సున్నా రాసి, మైనస్ 7 ఇస్తుంది. గడిలో మిగిలింది ‘భిలాయ’. 15 అన్నది 3 గుణిజం కాబట్టి తెలుగు మాట ఇక్కడ గుర్తు మధ్యలో విరగలేదు. చివరి గుడి మాత్రమే ఊడిపోయింది. అదే గడిలోకి ఇంగ్లీషూ తెలుగూ కలిపిన పేరు వస్తే ఆ అదృష్టం ఉండకపోవచ్చు. ఈ వెనక్కి తిరిగి సున్నా రాయడాన్ని మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

పరికరం సిద్ధమైంది. ఇక పాతవి పీకి ఇది బిగించడం. కోట్ల వరుసల కెర్నెల్‌లో పాత పేరు వెతికి కొత్త పేరు పెట్టేస్తే పోదా? స్ట్ర్-ఎస్-కాపీని కెర్నెల్‌లోకి తీసుకుంటూనే లినక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ హెచ్చరించింది దీని గురించే. కొత్త పరికరం వచ్చినప్పుడల్లా జనం గుడ్డిగా మార్పిడి ప్యాచ్‌లు పంపుతారని, ఆ హడావుడిలో బాగా నడుస్తున్నది చెడుతుందని, అలాంటివి తనకు వద్దని. ఆ మాట వల్లనే పని నెమ్మదించింది, నెమ్మదించడం వల్లనే శ్రద్ధ వచ్చిందని నా అభిప్రాయం. అదే 2015 నవంబరులో కీస్ కుక్ మొదలుపెట్టిన కెర్నెల్ ఆత్మరక్షణ ప్రాజెక్టు ఈ పనిని నెత్తికెత్తుకుంది.

జవాబును ఎవరూ వాడని స్ట్ర్-ఎల్-కాపీ పిలుపులు తేలిక. అక్కడ పేరు మారిస్తే ఫలితం మారదు. అలాంటివాటిని కాక్సినెల్ అనే పనిముట్టుతో ఏరి, 2022లో వుల్ఫ్‌రామ్ సాంగ్ ఉపవ్యవస్థల వారీగా మార్చారు. కష్టమంతా జవాబు వాడే చోట్ల ఉంది. పాత జవాబు మాట పొడవు, కొత్త జవాబు మైనస్ 7 కావచ్చు. దాన్ని రుణ సంఖ్యలు పట్టని చరరాశిలో పెడితే అది బ్రహ్మాండమైన ధన సంఖ్య అవుతుంది. ఒకదాని వెనక ఒకటి మాటలు అతికిస్తూ ‘ఇప్పటిదాకా ఇంత పొడవు’ అని జవాబును కూడుకుంటూ పోయే చోట మైనస్ 7 కలిస్తే, తర్వాతి మాట ఏడు అరలు వెనక్కి జరిగి ముందుదాని మీద పడుతుంది. భద్రత కోసం చేసిన మార్పే కొత్త కన్నం వేసినట్టవుతుంది.

స్ట్ర్-ఎన్-కాపీని తీయడం ఇంకా సున్నితం. 2023 నుంచి జస్టిన్ స్టిట్ పంపిన ప్యాచ్‌లు వరసగా చదవండి. ప్రతిదాంట్లోనూ మార్చింది ఒకటి రెండు వరుసలు, వివరణ మాత్రం పేరాలు. ప్రతి పిలుపు దగ్గరా ఆయన అడిగే ప్రశ్నలు ఇవి. ఈ గడిని తర్వాత చదివేవాళ్ళు చివర సున్నా ఆశిస్తున్నారా? ఎవరెవరు చదువుతున్నారో ఫైలు ఫైలూ తిరిగి చూపిస్తారు. మిగిలిన అరల్లో సున్నాలు నిండాలా? గడిని ముందే సున్నా చేసిన చోటు దొరికితే అక్కర్లేదని ఆ వరుస చూపిస్తారు. ఈ గడి కెర్నెల్ దాటి వినియోగదారుడి వైపు వెళ్తుందా? వెళ్తే, నింపకుండా వదిలిన అరల్లో కెర్నెల్ పాత సరుకు మిగిలి ఉండి బయటికి పొక్కుతుంది. అలాంటి చోట 2019లో టోబిన్ హార్డింగ్ చేర్చిన స్ట్ర్-ఎస్-కాపీ-ప్యాడ్ బిగించాలి. నకలు అయ్యాక మిగిలిన చోటంతా సున్నాలు పరిచే రకం అది.

చివరి ప్రశ్న: ఇది నిజంగా మాటేనా? భిలాయి ప్లాంటు రైలు పట్టాల పక్క భాగంలో ఉబ్బెత్తుగా అచ్చు పడ్డ గుర్తులు చూసే ఉంటారు. తయారీదారు గుర్తు, పట్టా రకం, నెల, సంవత్సరం. ఏది ఎక్కడ ఉండాలో నియమం ఉంది కాబట్టి ‘ఇక్కడితో అయిపోయింది’ అన్న గుర్తు అక్కర్లేదు. స్కజీ డిస్కు తన గురించి చెప్పుకునే పద్దు కూడా ఇలాంటిదే: తయారీదారు పేరుకు 8 బైట్లు, సరుకు పేరుకు 16, కూర్పుకు 4. మిగిలిన చోట ఖాళీ అక్షరాలు, సున్నా ఎక్కడా లేదు. ఇక్కడ స్ట్ర్-ఎస్-కాపీ పెడితే చివరి అక్షరాన్ని కొట్టేసి సున్నా రాస్తుంది. 8 అక్షరాల కంపెనీ పేరు ఏడుకు తగ్గుతుంది. ఏడో యూనిక్స్ డైరెక్టరీ పద్దు వారసులు ఇవి, చివర సున్నా అక్కర్లేని గడులు. వీటికోసం స్ట్ర్-టు-మెమ్ అనే వేరే పరికరాలు చేశారు. గడి మీద ‘ఇది మాట కాదు’ అని కంపైలర్‌కు చెప్పే ముద్ర కూడా వేశారు.

పాత పరికరం ఒక్కటే మూడు నాలుగు అర్థాలు మోసేది. పిలిచినవాడి మనసులో ఏ అర్థముందో పిలుపు చూస్తే తెలిసేది కాదు. ఇప్పుడు పేరే చెబుతుంది.

2024లో కీస్ కుక్ ఇంకో చిన్న సౌకర్యం చేర్చారు. కొలత రాయకుండా రెండు చిరునామాలే ఇస్తే, గమ్యం అర్రే, అంటే కొలత తెలిసిన అరల వరస, అయినప్పుడు కంపైలరే దాని కొలత తెలుసుకుని పెడుతుంది. అంతకు ముందు గమ్యం కొలతను మనుషులు చేత్తో రాసేవారు. గమ్యం అర్రే కాక ఒట్టి పాయింటర్, అంటే చిరునామా మాత్రమే, అయితే ఆ కొలత 8 అని తప్పుగా వచ్చేది. కొత్త రూపంలో పాయింటర్ ఇస్తే కంపైల్ కానే కాదు. పరుగులో తెలియాల్సిన తప్పును కార్ఖానా గుమ్మం దగ్గరే ఆపడం ఇది. అదే సంవత్సరం మార్చిలో వెలువడిన 6.8 కెర్నెల్‌లో స్ట్ర్-ఎల్-కాపీ లేదు. చివరి పిలుపు మారాక పరికరాన్నే తీసేశారు. స్ట్ర్-ఎస్-కాపీ వచ్చిన ఎనిమిదేళ్ళ పైచిలుకుకు.

ఇప్పుడు మన 16 బైట్ల గడి దగ్గరికి తిరిగి వద్దాం. ప్రోగ్రాం పేరు రాసే ఆ చోట ఒకప్పుడు స్ట్ర్-ఎల్-కాపీ ఉండేది. 2022 మొదట్లో 5.17 కోసం స్ట్ర్-ఎస్-కాపీ-ప్యాడ్ అయింది. కథ అక్కడ ముగియాలి. ముగియలేదు. ఈ గడిని కెర్నెల్‌లో చాలామంది తాళం వేయకుండానే చదువుతారు. తాళం వెయ్యకపోయినా ఫర్వాలేదన్న ధీమా ఒక్క సంగతి మీద ఆధారపడింది: పదహారో అరలో ఎప్పుడూ సున్నా ఉంటుంది, అందువల్ల సగం పాత పేరు సగం కొత్త పేరు కనిపించినా చదవడం గడి దాటదు.

భిలాయి నడక గుర్తు చేసుకోండి. రెండో ఎత్తు పదహారో అరను కూడా నింపింది. ఆ తర్వాతే వెనక్కి తిరిగి సున్నా రాసింది. ఆ రెండు పనుల నడుమ, సెకనులో లెక్కకు రానంత భాగం, పదహారో అరలో సున్నా లేదు. సరిగ్గా ఆ క్షణంలో ఇంకో ప్రాసెసర్ ఆ పేరు చదివితే గడి దాటిపోతుంది. పొట్టి పేర్లకు ఈ ప్రమాదం లేదు. ఉక్కుకు కూడా లేదు. పట్టని పేర్లకే ఉంది.

2024 చివర్లో ఈ విషయం కెర్నెల్ నిర్మాతల చర్చకు వచ్చింది. కీస్ కుక్ ఆ ఒక్క చోట స్ట్ర్-ఎస్-కాపీ-ప్యాడ్‌ను కూడా తీసేశారు. పేరు పొడవు, 15: ఈ రెండింటిలో చిన్నదాన్ని ముందు లెక్కకట్టి, అన్నే బైట్లు దించి, మిగిలిన అరలన్నీ సున్నాలతో నింపేలా రాశారు. పదహారో అరలోకి సున్నా తప్ప ఇంకేదీ ఎప్పుడూ పడదు. ఏళ్ళ తరబడి తాను ముందుండి ఊరూరా బిగించిన పరికరాన్ని, అది సరిపడని ఒక్క చోట తన చేత్తోనే విప్పేశారు. ఈ మరమ్మతు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ గౌరవం కలిగించిన ప్యాచ్ ఇదే.

లినక్స్ యంత్రం దగ్గరుంటే ఏదైనా చిన్న ప్రోగ్రాంను ‘ఉక్కు’ అనే పేరుతో నకలు చేసి నడపండి. అదే ప్రోగ్రాంను ‘భిలాయి’ అనే పేరుతో మళ్ళీ నడపండి. రెండింటి పేర్లూ కెర్నెల్‌ను అడగండి. మొదటిది ఉక్కు అని పూర్తిగా చెబుతుంది. రెండోది భిలాయ అంటుంది.